“మా లంక మునిగిపోతుందా, టీచర్?”

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. కోనసీమలో గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది తరగతులకు సైన్సు చెబుతున్నాను. ఏటా జూన్ 5న పర్యావరణ దినోత్సవం సందర్భంగా మొక్కలు నాటిస్తాను, వ్యాసరచన పోటీ పెడతాను, ర్యాలీ తీయిస్తాను. పిల్లలు భూతాపం పెరుగుతున్నదనీ, మంచుకొండలు కరుగుతున్నాయనీ, ధ్రువపు ఎలుగుబంట్లు అంతరించిపోతున్నాయనీ చక్కగా రాసి, బహుమతి పుచ్చుకొని ఇంటికి పోతున్నారు. రాసినదానికీ తమ ఊరికీ ఏదో సంబంధం ఉన్నదని మాత్రం వారికి తోచడం లేదు. ఈ ఏడాది కాస్త గట్టిగా చెబుదామని పూనుకుంటే మూడు చిక్కులు వచ్చాయి. గోదావరి నడుమ లంకదిబ్బ మీద ఉండే ఒక కుర్రవాడు “మా లంక మునిగిపోతుందా, టీచర్?” అని అడిగి, ఆ తరువాత రెండు రోజులు బడికి రాలేదు. వరిచేల నుంచి మీథేన్ వస్తుందని చెప్పినప్పుడు ఒక అమ్మాయి “అయితే తప్పు మా నాన్నదా?” అన్నది. రొయ్యల చెరువులున్న ఒక పెద్దమనిషి వచ్చి, “మా చెరువుల మీద పిల్లలకు ఏం నూరిపోస్తున్నారు?” అని నిలదీశారు. భయపెట్టకుండా, ఎవరినీ నిందించకుండా, నినాదాలతో సరిపెట్టకుండా ఈ సంగతి పిల్లలకు ఎలా చెప్పాలి?

– ఒక సైన్సు ఉపాధ్యాయిని, కోనసీమ

సమాధానం: అమ్మా, మీరు చిక్కులన్న మూడింటిలో మొదటి రెండూ చిక్కులు కావు. ఎలుగుబంటి గురించి వ్యాసం రాసిన పిల్లవాడు మీకు ఏ ఇబ్బందీ కలిగించడు, ఎందుకంటే ఆ ఎలుగుబంటితో వాడికి పని లేదు. మా లంక ఏమవుతుంది అని ఒకడు, మా నాన్న ఏం చేశాడు అని ఒకతె అడిగారంటే, పాఠం పుస్తకంలోంచి లేచి వారి ఇంటి అరుగు మీద కూర్చున్నదన్నమాట. మీరు కోరిన అవగాహన అప్పుడే మొదలైంది. ఇక మిగిలినదల్లా ఆ ఇద్దరికీ నిజమైన జవాబు చెప్పడమే. అది వ్యాసరచన పోటీ పెట్టినంత సులభం కాదని ఒప్పుకుంటాను.

మొక్కల సంగతి ఎత్తారు కనుక నా అనుభవం ఒకటి చెబుతాను. నేను పనిచేసిన ఒక బడిలో వరసగా మూడేళ్లు ఒకే గోతిలో మొక్క నాటాం. మొదటి ఏడాది నాటినది వేసవిలో ఎండిపోయింది, రెండో ఏడాది నాటినదాన్ని మేకలు తిన్నాయి, మూడో ఏడాది గొయ్యి తవ్వే శ్రమ లేదని పిల్లలే సంతోషించారు. ఫొటో మాత్రం మూడేళ్లూ బాగానే వచ్చింది. మొక్క నాటడం తప్పని నా అభిప్రాయం కాదు. కాని నాటిన మొక్కకు ఏప్రిల్ నెలలో నీళ్లు ఎవరు పోయాలో నిర్ణయించని పర్యావరణ దినోత్సవం వల్ల పిల్లలు నేర్చుకునేది ఒక్కటే: ఇదంతా ఒక తంతు అని. పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరిగా బోధించాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది, 2003లో మరొకసారి గట్టిగా చెప్పింది. కనుక పాఠ్యపుస్తకంలో పాఠం లేదనే కొరత మనకు లేదు. ఆ పాఠానికి ఊరు లేకపోవడమే కొరత.

ముందుగా మాట దగ్గర ఒక చిన్న సవరణ చేసుకోవాలి. మనం “వాతావరణ మార్పు” అంటున్నాం. మన వాడుకలో వాతావరణం అంటే ఈ పూట మబ్బు పట్టిందా, సాయంత్రం వాన పడుతుందా అన్నదే. అందువల్ల పిల్లవాడికి వాతావరణ మార్పు అంటే నిన్న ఎండ కాసి ఇవాళ వాన పడడం అనిపిస్తుంది. అది ఎప్పుడూ ఉన్నదే కదా అని వాడు అనుకోవడంలో తప్పు లేదు. భూగోళ పుస్తకంలో శీతోష్ణస్థితి అనే మంచి మాట ఉంది గాని, దాన్ని పరీక్షలో తప్ప ఎవరూ వాడరు. ఈ తేడా చెప్పడానికి మన దగ్గర అంతకన్నా మంచి సాధనం ఒకటుంది, అది కార్తె. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి అన్నప్పుడు మన పెద్దలు ఏదో ఒక రోజు ఎండ గురించి చెప్పలేదు. మే నెల చివర ఆ పదమూడు పద్నాలుగు రోజుల్లో ఎండ మామూలుగా ఎలా ఉంటుందో, తరాల తరబడి చూసి చెప్పారు. మఖ, పుబ్బ వరుపైతే (వాన లేక ఎండిపోతే) మహత్తరమైన కాటకం అన్నదీ అంతే. ఇవాళ్టి ఎండ వాతావరణం, రోహిణి కార్తె ఎండ శీతోష్ణస్థితి. వాతావరణ శాఖవారు 30 ఏళ్ల సగటు తీసి దాన్ని సాధారణ స్థితి అంటారు. కార్తె సామెత కూడా ఒక విధమైన సగటే, అంకెలు లేని సగటు. ఇప్పుడు ప్రపంచమంతటా జరుగుతున్నదేమిటంటే, ఆ సగటే పైకి జరుగుతున్నది. పారిశ్రామిక యుగానికి ముందున్న ఉష్ణోగ్రతతో పోలిస్తే 2011–2020 దశాబ్దపు సగటు 1.1 డిగ్రీలు ఎక్కువ. 2024 ఒక్క ఏడాదే చూస్తే ఆ పెరుగుదల 1.5 డిగ్రీలు దాటింది. ఒక డిగ్రీ అంటే ఎంతలే అని పిల్లలు నవ్వుతారు. ఒంటి వేడి ఒక డిగ్రీ పెరిగితే అమ్మ బడికి పంపదని గుర్తుచేయండి.

ఎందుకు పెరుగుతున్నది అన్నదానికి పుస్తకంలో గాజు గది బొమ్మ ఉంటుంది. మన డెల్టాలో గాజు గదిలో మొక్కలు పెంచేవారిని చూసిన పిల్లవాడు ఎవడైనా ఉంటాడా? వాడు చూసినది వేరే ఉంది. మాఘమాసంలో మబ్బు లేని రాత్రి తెల్లవారేసరికి గడ్డివామి తడిసిపోయి, కాలువ మీద పొగమంచు నిలిచి, ఒళ్లు వణుకుతుంది. అదే మాసంలో మబ్బు కమ్మిన రాత్రి చలి ఉండదు. పగలు సూర్యుని వల్ల వేడెక్కిన నేల రాత్రి ఆ వేడిని కంటికి కనబడని కిరణాలుగా పైకి వదులుతుంది. మబ్బు లేకపోతే ఆ వేడి వెళ్లిపోతుంది, మబ్బు ఉంటే అందులో కొంత వెనక్కి వస్తుంది. కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వంటి వాయువులు చేసే పని కూడా అదే, కాకపోతే అవి మబ్బులా తెల్లవారేసరికి తొలగిపోవు. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లుగా ఉండే కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 పాళ్లు దాటింది. బొగ్గు, పెట్రోలు, గ్యాసు కాల్చడమే దానికి ప్రధాన కారణం. ఇంత చెబితే తొమ్మిదో తరగతికి చాలు. మిగతా వివరాలు పుస్తకంలో ఎలాగూ ఉన్నాయి.

ఇక లంకలోని కుర్రవాడి మాట. వాడికి “అలాంటిదేమీ జరగదు” అని చెప్పకండి, “అవును, మునిగిపోతుంది” అనీ చెప్పకండి. రెండూ నిజం కావు. పైగా ఏటా వరద వస్తే పశువులను ఏటిగట్టు మీదికి తోలుకొచ్చే కుటుంబంలో పుట్టినవాడికి మునగడం అంటే ఏమిటో మనకన్నా బాగా తెలుసు. వాడి భయం నీళ్ల గురించి కాదు, ఇక తిరిగి వెళ్లలేమేమో అన్నది.

వాడితో ముందు అంకెలు మాట్లాడించండి. ధవళేశ్వరం ఆనకట్ట వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. నీటి ప్రవాహంలో చెప్పాలంటే దాదాపు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. ఈ మాటలు టీవీలో విని లంకలవారు సామాను సర్దుకుంటారు గాని, క్యూసెక్కు అంటే ఎంతో పిల్లలను అడిగి చూడండి. సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే సుమారు 28 లీటర్లు. మొదటి హెచ్చరిక నాడు గోదావరి ప్రతి సెకనుకూ పదివేల లీటర్ల ట్యాంకర్లు 2,800 దొర్లించినంత నీటిని సముద్రం వైపు పంపుతున్నదన్నమాట. ఈ లెక్క నల్లబల్ల మీద పిల్లలే చేయాలి, నేను చేయించినప్పుడు తరగతి ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయి, వెనక బెంచీ నుంచి ఒకడు “మరి మూడో హెచ్చరికకు?” అన్నాడు. గణితం మీద అంత ఆసక్తి నేను వాడిలో అంతకుముందు చూడలేదు.

ఇక్కడే ఒక జాగ్రత్త ఉంది. 2022 జూలైలో ధవళేశ్వరం వద్ద 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. సాధారణంగా శ్రావణ భాద్రపదాల్లో చూసే పెద్ద వరద ఆషాఢంలోనే రావడంతో అందరూ ఉలిక్కిపడ్డారు, వాతావరణ మార్పు వల్లనే వచ్చిందన్నారు. మరి 1986 ఆగస్టులో వచ్చినది సుమారు 35 లక్షలు. పిల్లల తాతలను అడిగితే 2022 వరద కాకుండా 1986 వరదే చెబుతారు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన రాసి, “అయితే భూతాపం అబద్ధమా?” అని మీరే అడగండి. జవాబు ఇది: ఒక్క వరదను చూసి శీతోష్ణస్థితిని తేల్చలేం, ఒక్క కార్తె వరుపును చూసి కరవు శాశ్వతమని చెప్పలేనట్టే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టుకోగల తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది. అందువల్ల కురిసినప్పుడు కుండపోతగా కురిసే అవకాశం పెరుగుతుంది. పెద్ద వరద ఇదివరకూ వచ్చింది, ఇకముందు మరింత తరచుగా రావచ్చు. “వల్లనే” అనే మాటకూ “అవకాశం పెరిగింది” అనే మాటకూ ఉన్న తేడా తెలిసిన పిల్లవాడిని వాట్సాప్ కబుర్లు మోసం చేయలేవు.

తుఫానుల విషయమూ అలాగే చెప్పాలి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో కొబ్బరి తోటలు నేలమట్టమై, వెయ్యి మందికి పైగా చనిపోయారు. 2018 డిసెంబరులో పెథాయ్ కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. మొంథా 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర దాటినప్పుడు మీ పిల్లలే కళ్లారా చూసి ఉంటారు. తుఫానుల సంఖ్య పెరిగిపోతుందని శాస్త్రజ్ఞులు చెప్పడం లేదు. వచ్చినవాటిలో ఉగ్రమైనవాటి వాటా పెరుగుతుందనీ, వాటితో కురిసే వాన పెరుగుతుందనీ, సముద్రమట్టం పెరిగిన మేరకు ఉప్పెన మరింత లోపలికి వస్తుందనీ చెబుతున్నారు. దీనితోపాటు రెండో సంగతి కూడా చెప్పకపోతే పాఠం సగమే అవుతుంది. 1977 దివిసీమ ఉప్పెనలో పదివేల మంది చనిపోతే, ఈనాడు అంతటి గాలి వచ్చినా ప్రాణనష్టం ఆ లెక్కలో లేకపోవడానికి కారణం ముందస్తు హెచ్చరికలు, తుఫాను షెల్టర్లు, సమయానికి జనాన్ని తరలించడం. ప్రమాదం ఎంతో తెలుసుకొని ముందుగా సిద్ధపడినవాళ్లు బతికారు. భయపడిన కుర్రవాడికి ఇది ఓదార్పుగా చెప్పకండి, జరిగిన చరిత్రగా చెప్పండి.

వాడి అసలు ప్రశ్నకు ఇప్పుడు వస్తాను. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు, అంటే ఎనిమిది అంగుళాలు పెరిగింది. 2006–2018 నాటికి వేగం ఏడాదికి 3.7 మిల్లీమీటర్లయింది, రెండు బియ్యపు గింజలను పక్కపక్కన పెడితే సుమారు అంత వెడల్పు ఉంటుంది. చిన్నదే, కాని ఏటా. రెండో వైపు నేల కథ ఉంది. మన కాళ్ల కింది నేలంతా గోదావరి వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రు. బంకమన్ను తన బరువుకు తానే అణగి కొద్దికొద్దిగా కిందికి దిగుతుంది. ఇదివరకు ప్రతి వరదా కొత్త ఒండ్రు పరిచి ఆ లోటు పూడ్చేది. ఇప్పుడు పైన జాయక్‌వాడి, శ్రీరాంసాగర్ మొదలుకొని ఎన్నో జలాశయాలు ఆ ఒండ్రును తమ కడుపులో దాచుకుంటున్నాయి. 2009లో వెలువడిన ప్రపంచ డెల్టాల అధ్యయనంలో కృష్ణా, గోదావరి డెల్టాలు రెండూ ప్రమాదంలో ఉన్నవాటిలో చేరడానికి ఇది పెద్ద కారణం. సముద్రం పైకి వస్తున్నది, నేల కిందికి దిగుతున్నది, నేలను నింపే మన్ను రావడం లేదు. మూడింటిలో మొదటిది మాత్రమే భూతాపం.

కనుక కుర్రవాడికి ఇలా చెప్పవచ్చు: “నీ జీవితకాలంలో మన డెల్టా మాయమైపోదు. అంతర్వేది, ఓడలరేవు వైపు తీరపు ఊళ్లకు కష్టం ఎక్కువవుతుంది. మీ లంకకు మాత్రం సముద్రం కన్నా ముందు ఏటి కోత ప్రమాదం. ఆ కోత ఏ ఏడాది ఎంత జరిగిందో మీ ఊళ్లో ఎవరైనా కొలిచారా?” కొలిచి ఉండరు. మూడు తాటి మొక్కలనో, ఒక కరెంటు స్తంభాన్నో గుర్తుగా పెట్టుకొని, అక్కడి నుంచి ఒడ్డు దాకా ఎన్ని మీటర్లుందో వరదకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి టేపుతో కొలిచే పని వాడికి అప్పగించండి. పెద్దవాళ్లు ఎవరైనా వెంట ఉండాలి, ఒడ్డు అంచుకు పోకూడదు, వరద రోజుల్లో అసలే పోకూడదు. రెండు రోజులు బడి ఎగ్గొట్టిన పిల్లవాడు ఆ టేపు పట్టుకుంటే మానడు. ఇది నేను ఒకటికి రెండుసార్లు చూశాను.

అమ్మాయి ప్రశ్న ఇంకా సున్నితమైనది. నీళ్లు నిలిచిన చేలో మన్నుకు గాలి ఆడదు. ఆ బురదలో కుళ్లే పదార్థం నుంచి కొన్ని సూక్ష్మజీవులు మీథేన్‌ను తయారుచేస్తాయి. ఊడ్పుల తరువాత చేలో కాలు వేస్తే బుడబుడమని బుడగలు వస్తాయే, వాటిలో అది ఉంటుంది. నూరేళ్ల లెక్కన చూస్తే టన్ను మీథేన్ టన్ను కార్బన్ డయాక్సైడ్ కన్నా 28 రెట్లు వేడి పుట్టిస్తుంది, కాని గాలిలో పదేళ్లకు కొంచెం పైన మాత్రమే నిలుస్తుంది. ఇంతవరకు దాచకుండా చెప్పాలి. ఆ వెంటనే తూకం కూడా చెప్పాలి. కార్బన్ డయాక్సైడ్ లెక్కలో సగటు భారతీయుని వాటా ప్రపంచ సగటులో సగం కూడా లేదు. ఒకరి కారు పొగనూ మరొకరి అన్నం మెతుకునూ ఒకే తక్కెడలో వేసి ఇద్దరూ దోషులే అనడం న్యాయం కాదు. తొమ్మిదో తరగతి పిల్లకు ఈ న్యాయం చక్కగా అర్థమవుతుంది.

అయినా నాన్నగారు చేయగలిగినది ఏమీ లేదా? ఉంది. చేనుకు ఒక తడి పెట్టి, ఆరనిచ్చి, మళ్లీ తడి పెడితే మన్నుకు గాలి తగిలి మీథేన్ మూడో వంతు, ఒక్కొక్క చోట సగం దాకా తగ్గుతుంది, నీళ్లూ ఆదా అవుతాయి. కాని ఇది ఉపన్యాసంలో చెప్పినంత తేలిక కాదు. సార్వాలో, అంటే వానాకాలపు పంటలో, మన పల్లపు చేలు ఆరబెడదామన్నా ఆరవు. పై చేను నీళ్లు కింది చేలోకి పారే చోట ఒక్క రైతు అనుకుంటే కాదు. మురుగు కాలువ పూడిపోతే ఎవరూ ఏమీ చేయలేరు. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు వారు చెప్పుకున్న బాధల్లో గిట్టని ధరలతోపాటు ఈ ముంపు కూడా ఉంది. దాళ్వాలో, అంటే రెండో పంటలో, నీరు అదుపులో ఉన్న చోట ఇది సాధ్యమే. ఆ అమ్మాయిని నాన్నను తప్పు పట్టే కూతురిగా కాకుండా, “నాన్నా, మన చేను ఆరబెట్టాలంటే ఏం అడ్డం?” అని అడిగే కూతురిగా ఇంటికి పంపండి. జవాబు రాసుకొని రమ్మనండి. ఆ జవాబుల్లో మీకు తెలియనివి చాలా ఉంటాయి.

ఆ అమ్మాయికే ఇంకొక పని. ఇంట్లో విత్తనపు సంచి మీద ఎంటీయూ అనే అక్షరాలు ఉంటే చూసి రమ్మనండి. ఎంటీయూ అంటే మరెక్కడిదో కాదు, పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు. 1925లో మొదలైన ఆ పరిశోధన కేంద్రం నుంచే స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, దేశమంతా పాకింది. ఒడిశాలోని ఒక పాత దేశవాళీ వరికి ముంపును తట్టుకునే గుణం ఉన్నదని గుర్తించి, ఆ గుణాన్ని స్వర్ణలోకి తెచ్చారు. 2009లో విడుదలైన ఆ స్వర్ణ సబ్-1 రకం రెండు వారాల దాకా నీట మునిగి ఉన్నా మళ్లీ చిగురిస్తుంది. మారుతున్న కాలానికి తట్టుకోవడం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు. పిల్లలను విహారయాత్రకు ఎక్కడికో తీసుకుపోయే బదులు ఒకసారి మారుటేరు తీసుకెళ్లడానికి అనుమతి అడగండి. రెండోసారి వీలైతే కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవికి వెళ్లండి. అక్కడ మడ చెట్ల వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకువచ్చి గాలి పీల్చడం, పోటు సమయంలో నీరు వచ్చి ఆ వేళ్ల మధ్య వేగం తగ్గడం చూస్తే, అలను అడ్డుకోవడం అన్న మాటకు అర్థం తెలుస్తుంది.

ఇక చెరువుల పెద్దమనిషి. ఆయనతో వాదానికి దిగకండి. తీరంలో రొయ్యల సాగు గురించి సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు ఇచ్చింది, 2005లో పార్లమెంటు చట్టం చేసింది, వివాదం ఇంకా నడుస్తూనే ఉంది. దాన్ని మీ తొమ్మిదో తరగతి తేల్చనక్కరలేదు. కాని ఊళ్లో బోరు నీళ్లు ఉప్పగా మారుతున్నాయంటే దానికి చెరువులు కారణమా, సముద్రమా, బోర్లు ఎక్కువై తోడేయడమా, కాలువ నీరు చివరి ఊళ్లకు అందకపోవడమా అన్న ప్రశ్న మాత్రం పూర్తిగా మీ తరగతిదే. భూతాపం పేరు చెప్పి మన పనులను కప్పిపుచ్చుకోవడం ఎంత తప్పో, ప్రతి కష్టానికీ చెరువుల రైతును చూపించడం అంతే తప్పు.

దీనికి ఖర్చు పెద్దగా లేదు. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపే టీడీఎస్ మీటరు, మంచినీళ్ల ప్లాంటువాళ్లు వాడేది, ఒకటి కొనండి. ఊళ్లో ఆరు చోట్లు ఎంచుకోండి: బడి బోరు, గుడి బావి, కాలువ, మురుగు కాలువ, చెరువుల పక్క బోరు, చెరువులకు దూరంగా ఉన్న బోరు. ప్రతి నెలా ఒకటో తేదీన ఆ ఆరింటి నీళ్లూ గాజు గ్లాసులో పట్టి, మీటరు ముంచి, అంకె నిలిచేదాకా ఆగి, రాసుకోవాలి. ఒక అంకెకు విలువ లేదు. పన్నెండు నెలల అంకెలు వరసగా పెడితే నీళ్లు మాట్లాడతాయి. కాలువలు పారుతున్నంతకాలం ఒక తీరుగా ఉన్న అంకె, వేసవిలో కాలువలు కట్టేశాక, అంటే వాటికి నీళ్లు ఆపేశాక, ఏ బోరులో ఎలా కదిలిందో చూడండి. కాటన్ 1852 నాటికి కట్టించిన ఆనకట్ట మనకు పంట నీరు మాత్రమే ఇవ్వలేదు. కాలువల ద్వారా నేలలోకి ఇంకే తీపినీరు ఉప్పునీటిని వెనక్కి నెట్టి ఉంచుతుంది. ఈ సంగతి చెబితే పిల్లలు వింటారు, మీటరులో చూస్తే మరచిపోరు. కొలిచే జట్టులో ఆ పెద్దమనిషి బిడ్డను తప్పకుండా చేర్చండి, ఆయన చెరువు పక్క బోరు ఆ బిడ్డకే ఇవ్వండి. తన బిడ్డ చేతి రాతలో ఉన్న అంకెను ఏ తండ్రీ నూరిపోసినదని అనలేడు.

ఈ అంకెలన్నీ రాయడానికి ఒక పెద్ద రిజిస్టరు పెట్టండి. ప్రతి పేజీలో మూడు నిలువు గళ్లు గీయించండి: చూసినది, విన్నది, ఊహించినది. మీటరు అంకె, వాన కొలత చూసినవాటిలోకి వస్తాయి. “మా చిన్నప్పుడు మృగశిర రాగానే తొలకరి పడేది” అన్న తాతగారి మాట విన్నదానిలోకి వస్తుంది. దాన్ని గౌరవంగా రాసుకోవాలి, కాని చూసినదానిలో కలపకూడదు. మనిషి జ్ఞాపకం మంచి వానలనే ఎక్కువ గుర్తుపెట్టుకుంటుంది. కాకినాడ, నరసాపురం వాతావరణ కేంద్రాల పాత లెక్కలతో ఆ మాటను పోల్చి చూస్తే ఒక్కోసారి తాతగారు నెగ్గుతారు, ఒక్కోసారి ఓడతారు. ఏది జరిగినా పిల్లలకు పండగే. వానను కొలవడానికి నిలువు గోడలున్న సీసా, స్కేలు చాలు. వాతావరణ శాఖవారు కొలిచేది ఉదయం 8.30కు కనుక మీరూ ఆ వేళకే కొలవండి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. బడి డాబా మీద ఈ వానాకాలం ఎన్ని లీటర్లు పడ్డాయో పిల్లలే లెక్క కట్టుకుంటారు.

ఎండాకాలానికి వేరే కొలత కావాలి. మన డెల్టాలో 36 డిగ్రీల ఉక్క, రాయలసీమలో 41 డిగ్రీల పొడి ఎండ కన్నా ఒక్కోసారి ఎక్కువ బాధిస్తుంది, చెమట ఆరదు కనుక. ప్రయోగశాలలో రెండు ఉష్ణమాపకాలు ఉంటే ఒకదాని బుడ్డికి తడి గుడ్డ చుట్టి, రెండింటినీ నీడలో వేలాడదీసి, పంకాతో విసరండి. తడిది ఎంత కిందికి దిగితే చెమట అంత బాగా ఆరుతుందని అర్థం. రెండూ దగ్గరదగ్గరగా నిలిచిన మధ్యాహ్నం ఆటల పీరియడు పెట్టకూడదు. ఆ తడి ఉష్ణమాపకం 35 డిగ్రీలకు చేరితే ఆరోగ్యవంతుడైనా నీడలో కూర్చొని ఎక్కువసేపు బతకలేడు. 2015 మే వడగాలుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో వేలమంది చనిపోయారు, వారిలో చాలామంది ఎండలో పనిచేసే కూలీలు, వృద్ధులు. పిల్లలు ఈ కొలత నేర్చుకుంటే ఇంట్లో నాయనమ్మకు మధ్యాహ్నం బయటికి పోవద్దని చెప్పడానికి వారి దగ్గర ఒక కారణం ఉంటుంది. అవగాహన ఊళ్లోకి వెళ్లే దారుల్లో నాకు తెలిసినంతలో ఇదే అన్నిటికన్నా దగ్గరి దారి; ర్యాలీ కన్నా మేలైనది కూడా.

ర్యాలీ పూర్తిగా మానేయమని నేననను, పైవారు అడుగుతారు, ఫొటో పంపాలి. కాని అట్ట మీద నినాదానికి బదులు పిల్లలు కొలిచిన అంకెలు రాయించండి: “గుడి బావి నీరు, జూలైలో ఇంత, ఏప్రిల్‌లో ఇంత.” ఊరివాళ్లు నినాదాన్ని చదవకుండా దాటిపోతారు, తమ బావి పేరు కనబడితే ఆగి చదువుతారు. వ్యాసరచన పోటీకి కూడా “భూతాపం – మానవాళి” వంటి అంశాలు వద్దు. “మా నాయనమ్మ చెప్పిన 1996 తుఫాను” అని ఇవ్వండి. ధ్రువపు ఎలుగుబంటి మీద నాకేమీ కోపం లేదు గాని, దానికి మన పిల్లల వ్యాసాల వల్ల ఇంతవరకు ఒరిగినదేమీ లేదు.

ఇవన్నీ ఒక్క ఏడాదిలో పెట్టుకోకండి, సిలబస్ మిమ్మల్ని మింగేస్తుంది. ఈ ఏడాదికి మీటరు, రిజిస్టరు చాలు. కుర్రవాడి టేపు వాడిష్టం. వేసవి సెలవుల తరువాత బడి తెరిచేది మృగశిర కార్తెలోనే కనుక, రిజిస్టరు మొదటి పేజీలో తేదీ పక్కన కార్తె పేరు కూడా రాయించండి. తొమ్మిదో తరగతి పదిలోకి వెళ్లేటప్పుడు ఆ రిజిస్టరును ఎనిమిదివారి చేతికి ఇచ్చి పోవాలి, లేకపోతే అది మీ బీరువాలో చేరుతుంది. వేసవిలో కాలువలు కట్టేసిన వారం తీసే కొలత అన్నిటికన్నా ముఖ్యమైనది. అప్పటికి పరీక్షల హడావుడిలో మీకూ పిల్లలకూ తీరిక ఉండదు, కనుక ఆ వారం ఆరు చోట్లకూ ఎవరెవరు వెళ్లాలో ఇప్పుడే పేర్లు రాసి పెట్టుకోండి.